వరికి ఒక మంత్రి, రొయ్యకి ఇంకో మంత్రి: మా బాబాయ్ అడిగిన నాలుగు ప్రశ్నలు

హైదరాబాద్‌లో ఉండేవాళ్లు, లేదా మెహదీపట్నం నుంచి ఎయిర్‌పోర్ట్‌కి ఎక్స్‌ప్రెస్‌వే మీద ఒక్కసారైనా వెళ్లినవాళ్లు ఒక బిల్డింగ్ చూసే ఉంటారు. అచ్చం చేపలా ఉంటుంది. తల, తోక, కళ్లు అన్నీ ఉంటాయి. పిల్లర్ నంబర్ 235 దగ్గర. చాలామంది ఫోటో తీసి "ఇది ఆఫీసా, ఆక్వేరియమా" అని స్టేటస్ పెట్టుకుంటారు. నేనూ పెట్టాను.

అది ఆఫీసే. నేషనల్ ఫిషరీస్ డెవలప్‌మెంట్ బోర్డు, అంటే జాతీయ మత్స్య అభివృద్ధి సంస్థ. 2006లో పెట్టారు. కేంద్ర ప్రభుత్వానిది. ఏళ్ల తరబడి దాని పక్కనుంచే వెళ్తున్నా, లోపల ఏం చేస్తారు, వాళ్ల పైన ఎవరుంటారు అని నేను ఎప్పుడూ ఆలోచించలేదు. మా బాబాయ్ ఫోన్ చేసేదాకా.

బాబాయ్‌ది భీమవరం దగ్గర పల్లెటూరు. ఎకరంన్నర సొంత వరి చేను, మూడెకరాలు లీజుకి తీసుకున్న రొయ్యల చెరువు. 2025 ఆగస్టులో ఒక రాత్రి ఫోన్ చేశారు. అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచిన నెల అది. పెద్ద సైజు రొయ్య ఎక్కువగా అమెరికాకే వెళ్తుంది కాబట్టి ఇక్కడ రేటు పడిపోయింది. బాబాయ్ చెరువులో 30 కౌంట్ రొయ్య పట్టుబడికి రెడీగా ఉంది. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, 30 కౌంట్ అంటే కేజీకి 30 రొయ్యలు తూగుతాయని. కౌంట్ తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటు ఎక్కువ. పెద్ద రొయ్య కోసం ఇంకో నెల మేత వేసి, కరెంటు కట్టి, రాత్రుళ్లు ఏరేటర్ల దగ్గర కాపలా కాస్తే, తీరా అమ్మే టైమ్‌కి ఆ పెద్ద రొయ్యకే ఎక్కువ దెబ్బ.

"ఒరేయ్ అబ్బాయ్, ఏవేవో వీడియోలు చేస్తున్నావు కదా. ఒక్క మాట చెప్పు. ఢిల్లీలో మా మంత్రి ఎవర్రా?" అన్నారు.

"వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ అండి బాబాయ్" అన్నాను.

"ఆయన వరికి కదరా. రొయ్యకి ఎవరు?"

నా దగ్గర జవాబు లేదు. ఆయన ఆగలేదు. "సరే రాసుకో. ఒకటి, రొయ్య రేటు పడిపోతే ఎవరినడగాలి? రెండు, మీ తాతగారు పోయాక పీఎం కిసాన్ ఆగిపోయింది, ఎవరినడగాలి? మూడు, సార్వాకి యూరియా కోసం రోజంతా లైన్లో నిలబడుతున్నాం, ఎవరినడగాలి? నాలుగు, వరికి ఇన్సూరెన్స్ ఉంది, చెరువుకి వైట్ స్పాట్ వస్తే ఏముంది? అన్నీ కనుక్కుని చెప్పు" అని పెట్టేశారు.

ఈ ఎపిసోడ్ ఆ నాలుగు ప్రశ్నలకి జవాబు. మీ ఇంట్లో ఎవరు వ్యవసాయం చేస్తున్నా చివరిదాకా చూడండి, ఎందుకంటే ఇందులో ఒక ప్రశ్నకి జవాబు ఢిల్లీలో కాదు, మా ఇంటి బీరువాలోనే దొరికింది.

ముందు బేసిక్స్. మన రాజ్యాంగంలో ఏడో షెడ్యూల్ అని ఒకటుంది. ఏ పని కేంద్రానిది, ఏ పని రాష్ట్రానిది, ఏది ఇద్దరిదీ అని మూడు జాబితాలు రాసిపెట్టారు. అందులో వ్యవసాయం రాష్ట్ర జాబితాలో 14వ అంశం. చేపల పెంపకం, చేపల వేట కూడా రాష్ట్ర జాబితాలోనే, 21వ అంశం. కేంద్రానికి రాసిచ్చింది ఏంటంటే, ప్రాదేశిక జలాలు దాటాక సముద్రంలో జరిగే చేపల వేట. అది కేంద్ర జాబితాలో 57వ అంశం.

అంటే అసలు వ్యవసాయమే రాష్ట్రం సబ్జెక్ట్. మరి ఢిల్లీలో అంత పెద్ద మంత్రిత్వ శాఖ ఎందుకు? ఈ డౌట్ నాకూ వచ్చింది. జవాబు ఏంటంటే, కేంద్రం నేరుగా పొలంలోకి రాదు. డబ్బు ఇస్తుంది, పథకం రూల్స్ రాస్తుంది, పరిశోధన చేయిస్తుంది, దేశం మొత్తానికి లెక్కలు కడుతుంది. పంటల వ్యాపారం మీద చట్టం చేసే వీలు కూడా ఉమ్మడి జాబితా ద్వారా కొంత ఉంది. 2020లో మూడు వ్యవసాయ చట్టాలు తెచ్చినప్పుడు "ఇది రాష్ట్రం పని కదా, మీరెలా చేస్తారు" అన్న గొడవ అక్కడే వచ్చింది. ఏడాది పైగా రైతులు ఢిల్లీ బోర్డర్లలో కూర్చున్నాక, 2021 నవంబర్‌లో ఆ చట్టాలు రద్దయ్యాయి.

ఈ శాఖ ఇప్పటిది కాదు. బ్రిటిష్ వాళ్లు 1871లోనే రెవెన్యూ, వ్యవసాయం, వాణిజ్యం కలిపి ఒక శాఖ పెట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక వ్యవసాయ మంత్రిత్వ శాఖ అయింది. 1960లలో తిండిగింజలకి కటకటగా ఉన్నప్పుడు సి. సుబ్రమణ్యం మంత్రిగా, ఎం.ఎస్. స్వామినాథన్ లాంటి శాస్త్రవేత్తల మాట విని, 1966లో మెక్సికో నుంచి 18,000 టన్నుల గోధుమ విత్తనం తెప్పించింది ఈ శాఖే. హరిత విప్లవం అని మనం స్కూల్లో చదువుకున్నది అదే. 2015లో పేరుకి "రైతు సంక్షేమం" కూడా చేర్చారు.

ఇక చేపలు, రొయ్యలు. చాలా ఏళ్లు ఇవి వ్యవసాయ శాఖ లోపల, పశుసంవర్ధకంతో కలిసి ఒక విభాగంలో ఉండేవి. 2019 ఫిబ్రవరిలో మత్స్య విభాగాన్ని వేరు చేశారు. అదే ఏడాది ఎన్నికల తర్వాత మత్స్య, పశుసంవర్ధక, పాడిపరిశ్రమల మంత్రిత్వ శాఖ అని పూర్తిగా కొత్త శాఖ పెట్టారు. మొదటి మంత్రి గిరిరాజ్ సింగ్. 2024 జూన్ నుంచి రాజీవ్ రంజన్ సింగ్. లలన్ సింగ్ అంటే ఎక్కువమందికి తెలుస్తుంది. మన చేప బిల్డింగ్ ఇప్పుడు ఈ శాఖ కిందే ఉంది.

వేరు చేయడం వల్ల ఉపయోగం ఏంటంటే, చేపలకంటూ ఒక పెద్ద పథకం, ఒక బడ్జెట్ వచ్చాయి. 2020 సెప్టెంబర్‌లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన 20,050 కోట్ల రూపాయల పథకం. చెరువు, హేచరీ, ఐస్ ప్లాంట్, చేపలు తీసుకెళ్లే బండి లాంటి వాటికి యూనిట్ ఖర్చులో 40 శాతం సబ్సిడీ. ఎస్సీ, ఎస్టీలకి, మహిళలకి 60 శాతం.

కానీ ఒక తమాషా చూడండి. శాఖ వేరయింది, పరిశోధన మాత్రం పాత ఇంట్లోనే ఉండిపోయింది. రొయ్యల జబ్బుల మీద పనిచేసే పెద్ద సంస్థ చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ పరిశోధన సంస్థ, సీబా అంటారు. అది భారత వ్యవసాయ పరిశోధన మండలి కిందికి వస్తుంది. ఆ మండలి వ్యవసాయ శాఖ కిందికి వస్తుంది. అంటే బాబాయ్ చెరువుకి డబ్బిచ్చే మంత్రి ఒకరు, ఆ చెరువులో జబ్బు గురించి రీసెర్చ్ చేయించే మంత్రి ఇంకొకరు.

ఇది గుర్తుపెట్టుకుని బాబాయ్ ప్రశ్నలకి వద్దాం.

మొదటి ప్రశ్న, రొయ్య రేటు. దీనికి జవాబు చెప్పాల్సింది వ్యవసాయ శాఖ కాదు, మత్స్య శాఖ కూడా కాదు. ఎగుమతి, సుంకాలు, ఇతర దేశాలతో ఒప్పందాలు అన్నీ వాణిజ్య మంత్రిత్వ శాఖ చేతిలో ఉంటాయి. సముద్ర ఉత్పత్తుల ఎగుమతి చూసే ఎంపెడా కూడా, 1972లో పెట్టిన సంస్థ, కొచ్చిలో హెడ్డాఫీసు, వాణిజ్య శాఖ కిందిదే. సరుకులో నిషేధించిన యాంటీబయాటిక్ అవశేషాలు దొరికి కంటైనర్ వెనక్కి వస్తే, ఆ తలనొప్పి కూడా అక్కడికే వెళ్తుంది.

"మరి వరికి మద్దతు ధర ఉందిగా, రొయ్యకి ఎందుకు లేదు?" అని బాబాయ్ అడిగారు. న్యాయమైన ప్రశ్న. మద్దతు ధర ఎలా వస్తుందో చూద్దాం. వ్యవసాయ శాఖలో వ్యవసాయ ఖర్చులు, ధరల కమిషన్ అని ఒకటుంది. 1965లో మొదలైంది. అది 22 పంటలకి ధర సిఫార్సు చేస్తుంది, చెరకుకి వేరే లెక్క. ఫైనల్ నిర్ణయం కేంద్ర మంత్రివర్గ సంఘానిది. 2025-26కి సాధారణ రకం ధాన్యం క్వింటాల్ 2,369 రూపాయలు. మా గోదావరి లెక్కలో 75 కేజీల బస్తాకి 1,777. కానీ ప్రకటించడం వేరు, కొనడం వేరు. కొనే ఫుడ్ కార్పొరేషన్ ఆహార మంత్రిత్వ శాఖ కింద ఉంటుంది. ఊళ్లో కాటా వేసి తీసుకునేది రాష్ట్ర పౌరసరఫరాల సంస్థ. ప్రభుత్వం ఆ బియ్యాన్ని రేషన్‌కి వాడుకుంటుంది కాబట్టి కొంటుంది. రొయ్యని రేషన్‌లో ఇవ్వరు కదా. అందుకే ఆ 22 పంటల్లో రొయ్య లేదు. దాని రేటు న్యూయార్క్‌లో ఎవరో రెస్టారెంట్‌కి వెళ్లడం మీద ఆధారపడి ఉంటుంది. ఈ మాట చెప్తే బాబాయ్ చాలాసేపు ఏం మాట్లాడలేదు.

రెండో ప్రశ్న, పీఎం కిసాన్. ఇది పక్కాగా వ్యవసాయ శాఖ పథకమే. 2019 ఫిబ్రవరిలో మొదలైంది. ఏడాదికి 6,000, మూడు విడతల్లో 2,000 చొప్పున బ్యాంకులో పడతాయి. డబ్బు ఢిల్లీది. కానీ ఎవరు రైతు అని తేల్చేది రాష్ట్రం, ఎందుకంటే భూమి రికార్డులు రాష్ట్రం దగ్గరే ఉంటాయి. ఎకరంన్నర మా తాతగారి పేరు మీదే ఉండేది. ఆయన 2021లో పోయారు. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ పేరు మార్పించలేదు. "మనదే కదా, ఎవరు అడుగుతారు" అనుకున్నారు. విడతలు ఆగిపోయాయి. నాలుగేళ్లుగా బాబాయ్ తిట్టుకుంటున్నది ఢిల్లీని. చేయాల్సిన పని మాత్రం మండలాఫీసులో ఉంది.

2019 ఫిబ్రవరి 1 తర్వాత పేరు మీదికి వచ్చిన భూమికి పీఎం కిసాన్ రాదు అని ఒక రూల్ ఉంది. అది చూసే బాబాయ్ భయపడి ఊరుకున్నారట. కానీ వారసత్వంగా వచ్చిన భూమికి ఆ రూల్ వర్తించదు. డెత్ సర్టిఫికెట్ మా ఇంటి బీరువాలో పట్టుచీరల కింద దొరికింది. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మా నాన్నగారి అంగీకారం, మ్యుటేషన్‌కి అర్జీ. అది అయ్యాక రైతు గుర్తింపు సంఖ్య, ఆధార్‌తో ఈ-కేవైసీ, పోర్టల్‌లో కొత్త రిజిస్ట్రేషన్. మీ ఇంట్లో కూడా పోయినవాళ్ల పేరు మీద భూమి ఉంటే ఈ వీడియో అయిపోగానే ఆ పని మొదలుపెట్టండి. పీఎం కిసాన్ హెల్ప్‌లైన్ 155261.

ఇక్కడ ఒక బాధాకరమైన విషయం చెప్పాలి. పీఎం కిసాన్ భూమి ఎవరి పేరు మీద ఉందో వాళ్లకే. కౌలు రైతుకి రాదు. గోదావరి జిల్లాల్లో నిజంగా దుక్కి దున్నేవాళ్లలో ఎంతమంది కౌలుదారులో ఆ ఊళ్లవాళ్లకి తెలుసు. మంత్రిత్వ శాఖ పేరులో "రైతు సంక్షేమం" ఉంది, కానీ రైతు అంటే ఎవరు అన్నదానికి ఆ పథకం ఇచ్చిన జవాబు "పాసుపుస్తకం ఉన్నవాడు" అని. ఆంధ్రాలో 2019 చట్టం ప్రకారం కౌలు రైతులకి పంట సాగుదారు హక్కు కార్డు ఇస్తారు, కానీ దానికి భూయజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందేమో అని చాలామంది పెట్టరు. ఇది నా అభిప్రాయంగానే తీసుకోండి, కానీ ఈ ఒక్క సంతకం దగ్గర ఆగిపోయినంత సంక్షేమం ఇంకెక్కడా ఆగలేదు.

మూడో ప్రశ్న, యూరియా. 2025 వానాకాలంలో తెలంగాణలో లైన్లో మనుషుల బదులు చెప్పులు పెట్టిన ఫోటోలు మీ అందరి ఫోన్లలోకి వచ్చాయి. అక్కడా ఇక్కడా అందరూ తిట్టింది వ్యవసాయ శాఖనే. నిజంగా ఏం జరుగుతుందంటే, సీజన్‌కి ముందు వ్యవసాయ శాఖ రాష్ట్రాలతో కూర్చుని ఎవరికి ఎంత కావాలో లెక్క కడుతుంది. తయారు చేయించడం, బయటి దేశాల నుంచి తెప్పించడం, నెలవారీగా రాష్ట్రాలకి పంపడం రసాయనాలు, ఎరువుల మంత్రిత్వ శాఖ పని. రాష్ట్రానికి వచ్చాక ఏ జిల్లాకి ఎంత, ఏ సొసైటీకి ఎంత అన్నది రాష్ట్రం పని. 45 కేజీల బస్తా 266 రూపాయల 50 పైసలకి దొరుకుతోందంటే సబ్సిడీ కూడా ఎరువుల శాఖదే. అంటే బస్తా మీ ఇంటికి చేరేలోపు మూడు చేతులు మారుతుంది. లైన్ పెరిగినప్పుడు ప్రతి చెయ్యీ పక్క చెయ్యిని చూపిస్తుంది. మనం అడగాల్సింది "యూరియా ఎందుకు లేదు" అని కాదు. "మా రాష్ట్రానికి ఈ నెల కేటాయింపు ఎంత, వచ్చింది ఎంత, మా మండలానికి దిగింది ఎంత" అని. ఇలా అడిగితే ఎక్కడ ఆగిందో తెలుస్తుంది.

నాలుగో ప్రశ్న, ఇన్సూరెన్స్. వరికి ప్రధానమంత్రి ఫసల్ బీమా 2016 నుంచి ఉంది. రైతు వాటా ఖరీఫ్‌లో 2 శాతం, రబీలో 1.5 శాతం. లోకల్‌గా పంట దెబ్బతింటే 72 గంటల్లోపు చెప్పాలి, 14447కి ఫోన్ చేయొచ్చు. ఇక్కడ కూడా చేరాలా వద్దా అన్నది రాష్ట్రం ఇష్టం. తెలంగాణ 2020లో బయటికి వచ్చేసింది. ఆంధ్రా కూడా బయటికి వచ్చి 2022లో మళ్లీ చేరింది.

చెరువుకి? చాలాకాలం అలాంటిది లేదు. వైట్ స్పాట్ వస్తే కొద్ది రోజుల్లోనే చెరువు మొత్తం పోవచ్చు, అప్పు మాత్రం అలాగే ఉంటుంది. 2024లో మత్స్య శాఖలో ఇంకో పథకానికి ఆమోదం వచ్చింది, మత్స్య సంపద యోజన కిందే 6,000 కోట్లతో. అందులో ఆక్వా ఇన్సూరెన్స్ తీసుకుంటే ప్రీమియంలో 40 శాతం ఒకసారి వెనక్కి ఇస్తారు. హెక్టారుకి గరిష్ఠంగా 25,000, మొత్తం మీద లక్ష. 4 హెక్టార్లలోపు చెరువులకే. దీనికి జాతీయ మత్స్య డిజిటల్ ప్లాట్‌ఫామ్‌లో రిజిస్టర్ అవ్వాలి. ఫోన్లోనే అవ్వొచ్చు. బాబాయ్‌కి దీని గురించి అసలు తెలియదు. నాకూ తెలియదు.

ఇంకోటి, ఇది మంచి వార్త. కిసాన్ క్రెడిట్ కార్డు 1998 నుంచి పంటలకి ఉంది. 2018-19 బడ్జెట్‌లో చేపలు, పశువులు పెంచేవాళ్లకి కూడా ఇస్తామన్నారు. ఇందులో చెరువు సొంతమే కానక్కర్లేదు, లీజుకి తీసుకున్నా అర్హతే. కానీ లీజు కాగితం ఉండాలి, చెరువుకి రిజిస్ట్రేషన్ ఉండాలి. తీరప్రాంత ఉప్పునీటి చెరువులైతే చెన్నైలోని కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ, 2005 చట్టం. లోపలి చెరువులైతే రాష్ట్ర ఆక్వాకల్చర్ అభివృద్ధి సంస్థ, 2020 చట్టం. బాబాయ్ లీజు నోటి మాట మీద నడుస్తోంది. వడ్డీకి తెచ్చేది ఊళ్లో, నూటికి రెండు రూపాయలకి, అంటే ఏడాదికి 24 శాతం. కార్డు మీద టైమ్‌కి కడితే 4 శాతం. ఆ తేడా ఆ ఒక్క కాగితం ఖరీదు.

మరి సముద్రంలోకి వెళ్లే మత్స్యకారుల సంగతి? అక్కడ కేంద్రం, రాష్ట్రం గీత ఇంకా క్లియర్‌గా కనిపిస్తుంది. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల వరకు రాష్ట్రం, అక్కడి నుంచి 200 వరకు కేంద్రం. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే టైమ్. బయటి సముద్రానికి కేంద్రం ఆర్డర్ ఇస్తుంది, దగ్గరి సముద్రానికి రాష్ట్రం ఆర్డర్ ఇస్తుంది. చేపకి ఈ గీత తెలియదు కాబట్టి రెండూ ఒకే తేదీల్లో ఉండాలి, లేకపోతే అర్థం లేదు. ఆ రెండు నెలలు ఆంధ్రా ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో కుటుంబానికి 20,000 అయింది. ఇద్దరూ కలిసి పనిచేస్తే ఎలా ఉంటుందో చెప్పడానికి ఈ ఉదాహరణ చెప్పాను.

ఇదంతా ఒక ఆదివారం బాబాయ్‌కి ఫోన్లో చెప్పాను. అంతా విని ఆయన అన్న మాట ఇది: "అంటే నేను పొద్దున చేలో ఉంటే ఒక మంత్రి మనిషిని, సాయంత్రం చెరువు గట్టున ఉంటే ఇంకో మంత్రి మనిషిని, అమ్మేటప్పుడు మూడో ఆయన మనిషిని. అప్పు కట్టేటప్పుడు మాత్రం నేనొక్కడినే."

దీనికంటే బాగా నేను చెప్పలేను. శాఖలు విడదీయడం తప్పని నేను అనను. చేపలకి వేరే శాఖ వచ్చాకే ఇన్సూరెన్స్ లాంటివి కదిలాయి. కానీ ఫైళ్లలో విడిపోయిన రైతు పొలంలో ఒక్కడే. ఆ విడివిడి ముక్కల్ని కలిపి చూడటానికి మా బాబాయ్ వయసువాళ్లకి టైమ్ లేదు, ఫోన్లో అంత ఓపిక లేదు. మనకి ఉంది. రీల్స్ చూసే టైమ్‌లో ఒక గంట చాలు.

చివరికి ఏమైందో చెప్తాను. మ్యుటేషన్ అయింది, పీఎం కిసాన్‌కి అప్లై చేశాం, 2,000 పడ్డాయి. మెసేజ్ స్క్రీన్‌షాట్ తీయడం రాక, ఫోన్‌ని ఇంకో ఫోన్‌తో ఫోటో తీసి పంపారు. చెరువు యజమాని లీజు కాగితం రాయడానికి ఇంకా ఒప్పుకోలేదు. 30 కౌంట్ రొయ్యని అప్పుడు వచ్చిన రేటుకే అమ్మేశారు. తర్వాత పంట వేయకుండా చెరువు ఎండగట్టారు.

మీ ఇంట్లోవాళ్లు అడిగి జవాబు దొరకని ప్రశ్న ఏదైనా ఉంటే కామెంట్‌లో రాయండి. పంటలో ఏదైనా డౌట్ ఉంటే కిసాన్ కాల్ సెంటర్ 1800 180 1551, ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు, తెలుగులోనే మాట్లాడొచ్చు. నెక్స్ట్ ఎపిసోడ్‌లో ఆ లీజు కాగితం గురించే మాట్లాడుకుందాం. యజమానులు ఎందుకు భయపడతారు, ఆ భయంలో నిజమెంత అని. అప్పటిదాకా ఉంటాను మరి.